నాన్న పద్దుల పుస్తకం, నా పే స్లిప్: ఎవరి జీతం ఎక్కువ?

రాత్రిషిఫ్టు · పోస్టు 1

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

నాది మెషిన్ ఆపరేటర్ పని. పదకొండేళ్ళయింది. మొన్న ఇంక్రిమెంట్ చెప్పారు, నాలుగు శాతం. కిందటేడు మూడు. అదే వారంలో ఇంటి ఓనర్ అద్దె ఎనిమిది శాతం పెంచాడు. అక్కడితో అయిపోయింది.

మా నాన్నదీ దాదాపు ఇదే పని, వేరే ఫ్యాక్టరీలో. ఒక్క జీతం, ముగ్గురు పిల్లలం, అమ్మ ఉద్యోగం చేయలేదు. రిటైరయ్యేలోపు చిన్నదైనా సొంత ఇల్లు కట్టారు. మా ఇంట్లో ఇద్దరం సంపాదిస్తున్నాం, ఒక్కతే పాప. అయినా ఇరవయ్యో తేదీ దాటితే క్రెడిట్ కార్డే దిక్కు.

ఈ మాటే మా బావమరిదితో అంటే, "మీ నాన్నకి ఏసీ ఉందా, బైక్ ఉందా, చేతిలో ఈ ఫోన్ ఉందా?" అని ఎదురడిగాడు. నిజమే, ఏదీ లేదు. నా దగ్గర జవాబూ లేదు. ఇంతకీ నేను నాన్న కన్నా బాగున్నట్టా, లేనట్టా?

గుండుసూది · పోస్టు 2

ఫోన్ అమ్మేసి ఇల్లు కొనుక్కోండి. సమస్య తీరిపోయింది.

(జోకండీ. నాదీ అద్దె ఇల్లే.)

రిటైర్డ్ ఫిట్టర్ · పోస్టు 3

నాయనా, మా రోజులు అంత తియ్యగా ఏమీ లేవు. చొక్కా చిరిగితే కుట్టించుకుని వేసుకున్నాం. అయితే ఒకటి నిజం. మాకు కరువు భత్యం అని ఉండేది. ధరల సూచీ ఇన్ని పాయింట్లు పెరిగితే జీతంలో ఇంత కలవాలని ఒప్పందం. ఎవరినీ బతిమాలక్కర్లేదు, లెటర్ కోసం ఎదురుచూడక్కర్లేదు. మీకు ఆ లైన్ ఉందా పే స్లిప్‌లో?

రాత్రిషిఫ్టు · పోస్టు 4

లేదు సార్. బేసిక్, స్పెషల్ అలవెన్స్, అంతే. ఆ స్పెషల్ ఏమిటో ఎవరికీ తెలీదు.

లెక్కలపిచ్చి · పోస్టు 5

ముందు మామూలు లెక్క ఒకటి. జీతం ఏడాదికి 3 శాతం, ధరలు 5 శాతం పెరుగుతున్నాయనుకోండి. రెండు శాతమే కదా తేడా అనిపిస్తుంది. పదేళ్ళు అలాగే సాగితే, ఆ జీతంతో కొనగలిగింది పదిహేడు శాతానికి పైగా తగ్గిపోతుంది. అంటే ఆరు రోజులు పని చేస్తే ఐదు రోజుల కూలి చేతికొచ్చినట్టే. ఈ పదేళ్ళలో ప్రతి ఏడూ మీరు ఇంక్రిమెంట్ లెటర్ మీద సంతకం పెట్టి థాంక్స్ చెప్పి ఉంటారు. జీతం ఎవరూ తగ్గించలేదు. ధరలే తగ్గించిపెట్టాయి. డబ్బు అంకెను చూసి డబ్బు విలువ అనుకునే ఈ పొరపాటు గురించి అర్వింగ్ ఫిషర్ అనే ఆర్థికవేత్త 1928లోనే ఒక పుస్తకమంతా రాశాడు. యజమానులకు ఆ పుస్తకం బాగా వంటబట్టినట్టుంది.

ఇక మీ బావమరిది ప్రశ్న. దానికి డబ్బుల్లో జవాబు దొరకదు, పని రోజుల్లో వెతకాలి. అమెరికాలో విలియం నార్డ్‌హౌస్ అని ఒకాయన (2018లో నోబెల్ వచ్చింది) దీపం వెలుగు ఖరీదును ఇలాగే కొలిచాడు. నూనె దీపాల కాలంలో కాసేపటి వెలుగు కోసం గంటల తరబడి పని చేయాలి. కరెంటు బల్బు వచ్చాక అది క్షణాల సంపాదన అయిపోయింది. మామూలు ధరల లెక్కల్లో ఈ మార్పు సరిగా కనబడదన్నది ఆయన వాదన.

మీ నాన్నగారు ఖర్చులు ఎక్కడైనా రాసుకునేవారా? ఉంటే ప్రతి వస్తువు ధరనూ ఆయన రోజు కూలితో భాగించండి, మీ ఖర్చులను మీ రోజు కూలితో. అప్పుడు మాట్లాడుకుందాం.

రాత్రిషిఫ్టు · పోస్టు 6

రాసేవారు! ఎర్ర అట్టల పద్దుల పుస్తకాలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. ఆదివారం తీస్తాను.

వార్డు ఏడు · పోస్టు 7

నేను నర్సుని. నా అనుభవం ఒకటి చెప్తా. ఉద్యోగంలో చేరినప్పుడు ఒక షిఫ్టులో ఒక పేషెంటుకి డ్రెస్సింగ్ మార్చడానికి ఎంతసేపు పట్టేదో ఇప్పుడూ అంతే పడుతుంది. ఫ్యాక్టరీలో కొత్త మెషిన్ వస్తే గంటకి రెట్టింపు సరుకు తీస్తారు. నా చేతులకు అలాంటి మెషిన్ లేదు. నా దగ్గర "ఉత్పాదకత పెంచడం" అంటే ఒక్కటే, నలుగురు పేషెంట్ల బదులు ఏడుగురిని అప్పజెప్పడం. అదే చేశారు. జీతం మాత్రం నలుగురి దగ్గరే ఆగింది.

ఎమ్మే ఫైనల్ · పోస్టు 8

వార్డు ఏడు అక్కా, మీరు చెప్పినదాని మీద మా సిలబస్‌లో ఒక పాఠమే ఉంది. 1960ల్లో బౌమాల్, బోవెన్ అనే ఇద్దరు సంగీత కచేరీల లెక్కలు చూశారు. నలుగురు వాయించే ఒక రచనకు రెండు వందల ఏళ్ళ కిందట ఎంతమంది, ఎంతసేపు కావాలో ఇప్పుడూ అంతే. కానీ వాయించేవాళ్ళకి ఇవాళ్టి జీతం ఇవ్వాలి, లేకపోతే ఫ్యాక్టరీకి పోతారు. అందుకే కచేరీ ఖరీదు పెరుగుతూ పోతుంది. చదువు, వైద్యం, పిల్లల సంరక్షణ అన్నీ ఈ బాపతే. మెషిన్ చేయగలిగేది చవకవుతుంది, మనిషి చేయాల్సింది ఖరీదవుతుంది. రాత్రిషిఫ్టు గారికి ఏసీ అందింది, స్కూలు ఫీజు అందట్లేదు అంటే కారణంలో ఒక భాగం ఇదే.

ఒక భాగమే అన్నాను. రెండోది పంపకం. అమెరికాలో 1948 నుంచి 1973 దాకా గంటకు తీసే ఉత్పత్తి, గంట వేతనం జోడెడ్లలా కలిసే నడిచాయి. తర్వాత ఒక ఎద్దు ఆగిపోయింది. ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే అక్కడి పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 1979 నుంచి 2020 వరకు ఉత్పాదకత 60 శాతం పైన పెరిగింది, మామూలు కార్మికుల గంట ప్రతిఫలం పెరిగింది 18 శాతం లోపు. ఏ ధరల సూచీ వాడాలన్న దాని మీద గొడవలున్నాయి. కొందరు సూచీ మార్చి తేడా తగ్గించి చూపిస్తారు, పూర్తిగా పోగొట్టడం మాత్రం కష్టం.

ఇది కొత్తేం కాదు కూడా. బ్రిటన్‌లో పారిశ్రామిక విప్లవం తొలి రోజుల్లో, సుమారు 1840 దాకా, ఒక్కో కార్మికుడు తీసే ఉత్పత్తి పెరుగుతుంటే నిజ వేతనం దాదాపు కదల్లేదు. రాబర్ట్ అలెన్ అనే చరిత్రకారుడు దానికి 'ఎంగెల్స్ విరామం' అని పేరు పెట్టాడు. ఒక తరం కాదు, దాదాపు రెండు తరాలు. తర్వాత వేతనాలు పెరిగాయి, నిజమే. ఆ విరామంలో పుట్టి పోయినవాళ్ళకి దాంతో ఏం ఒరిగింది?

రివర్స్ గేర్ · పోస్టు 9

అందరూ ఒకే వైపు తోస్తున్నారు కాబట్టి నేను ఇటు నుంచి తోస్తా.

1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ అని ఒక జర్మన్ గణాంక నిపుణుడు (పైన చెప్పిన ఎంగెల్స్ వేరు, కంగారు పడకండి) చెప్పిన సూత్రం: ఆదాయం పెరిగే కొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుంది. మీ నాన్నగారి జీతంలో సరుకుల వాటా ఎంతో, మీ జీతంలో ఎంతో చూడండి. తగ్గి ఉంటే మీరు ఆయన కన్నా మెరుగే. కడుపు నిండాక వచ్చే కష్టాలు మీవి.

ఇంకోటి. బ్రాంకో మిలనోవిచ్, క్రిస్టఫ్ లాక్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి 1988 నుంచి 2008 వరకు ప్రపంచ జనాభా మొత్తం ఆదాయాలు లెక్కగట్టారు. గ్రాఫు ఏనుగు ఆకారంలో వచ్చింది. వీపు మీద, అంటే ప్రపంచం మధ్యలో ఉన్నవాళ్ళకి బాగా పెరిగింది, ముఖ్యంగా ఆసియాలో. తొండం చివర పైకి లేచింది, వాళ్ళు మహా సంపన్నులు. తొండం వంగిన చోట ఉన్నది సంపన్న దేశాల్లోని మామూలు కార్మికులు. వాళ్ళకే పెరగలేదు. కాబట్టి "లోకంలో అందరి జీతం ఆగిపోయింది" అనడం తప్పు.

గుండుసూది · పోస్టు 10

ఏనుగు మీద అందరూ ఎక్కారు, అద్దె కూడా ఎక్కింది సార్.

రెండుచక్రాలు · పోస్టు 11

నాకు అసలు ఇంక్రిమెంట్ లెటరే లేదు. యాప్ మీద డెలివరీ. చేరినప్పుడు ఆర్డర్‌కి ఒక రేటు, పైన ఇన్‌సెంటివ్. మూడేళ్ళలో ఆ రేటు నాలుగుసార్లు మారింది, ప్రతిసారీ "మరింత న్యాయమైన విధానం" అని మెసేజ్. ఏం మారిందో అర్థమయ్యేలోపు ఇంకోటి. పన్నెండు గంటలు రోడ్డు మీద ఉంటే ఏడు గంటలకే డబ్బు, మిగతా ఐదూ ఆర్డర్ కోసం ఎదురుచూపు. పెట్రోలు నాది, బండి నాది, పంక్చర్ నాది. ఈ లెక్కల్లో నన్ను కార్మికుడి గడిలో వేస్తారా, వ్యాపారి గడిలో వేస్తారా?

షట్టర్ · పోస్టు 12

నన్ను తిడతారని తెలిసే రాస్తున్నా. నాకు చిన్న వర్క్‌షాపు ఉంది, పద్నాలుగు మంది పని చేస్తారు. పెద్ద కంపెనీకి విడిభాగాలు చేసిస్తాం. ఆ కంపెనీ నాకిచ్చే రేటు నాలుగేళ్ళుగా పెరగలేదు. పెంచమని అడిగితే పర్చేజ్ మేనేజర్ ఇంకో ముగ్గురి కొటేషన్లు టేబుల్ మీద పరిచాడు. పైగా బిల్లు మూడు నెలలకు ఇస్తారు. నా దగ్గర కుర్రాడు వచ్చి "పెంచండి సార్" అంటే ఎక్కడి నుంచి తేవాలి? మీరు ఉత్పాదకత, లాభం అంటున్నారే, ఆ లాభం నా గల్లాపెట్టెలో మాత్రం లేదు.

రాత్రిషిఫ్టు · పోస్టు 13

తిట్టనండీ. మా ప్లాంటులో ఇదే చూస్తున్నాను. నాన్న ఫ్యాక్టరీలో తోటమాలి, వాచ్‌మన్, క్యాంటీన్ కుర్రాడు అందరూ కంపెనీ రోల్స్ మీదే. అందరికీ ఒకే ఒప్పందం. ఇప్పుడు గేటు దగ్గర ఒక కాంట్రాక్టర్, క్యాంటీన్‌కి ఒకడు, ప్యాకింగ్‌కి ఇంకొకడు. ఒకే షెడ్డులో నాలుగు రంగుల యూనిఫాంలు, నాలుగు జీతాలు. ఎవరు ఎవరిని అడగాలో కూడా తెలీదు.

ఎమ్మే ఫైనల్ · పోస్టు 14

అదే అసలు సంగతి అనుకుంటా. కొనేవాడు ఒక్కడైతే రేటు అతనే చెప్తాడు. పనికీ అంతే. దీనికి 'మోనోప్సనీ' అన్న పేరును జోన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్త 1933లో వాడుకలోకి తెచ్చింది. ఇది పట్టించుకోని పాత పాఠం ప్రకారం కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోవాలి. 1992లో న్యూజెర్సీలో గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచారు, పక్కనే పెన్సిల్వేనియాలో పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండు వైపులా ఫాస్ట్‌ఫుడ్ షాపులు పోల్చి చూస్తే, పెంచిన చోట ఉద్యోగాలు తగ్గినట్టు కనబడలేదు. కార్డ్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు, క్రూగర్ అప్పటికే చనిపోయాడు. ఎంత పెంచినా ఫర్వాలేదని కాదు, పాఠం చెప్పినంత సులువుగా పోవు అని.

అదే అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం 2009 జులైలో 7.25 డాలర్లు అయింది. ఆ తర్వాత పదిహేనేళ్ళు దాటినా అంకె మారలేదు. లెక్కలపిచ్చి గారి పోస్టు 5 మళ్ళీ చదవండి, ఆ 7.25 ఎంత కరిగిందో తెలుస్తుంది.

లెక్కలపిచ్చి · పోస్టు 15

రివర్స్ గేర్ గారికి. ఏనుగు సరే, మీ పాయింటు ఒప్పుకుంటా. కానీ ఇక్కడ ప్రశ్న తండ్రికీ కొడుక్కీ మధ్యది. రాజ్ చెట్టి అనే ఆర్థికవేత్త బృందం అమెరికాలో అదే లెక్క తీసింది. 1940లో పుట్టినవాళ్ళలో 90 శాతం మంది తల్లిదండ్రుల కన్నా ఎక్కువ సంపాదించారు, ధరలు సర్దిన తర్వాత. 1980ల్లో పుట్టినవాళ్ళలో సుమారు సగం మందే. బొమ్మో బొరుసో అన్నమాట.

రివర్స్ గేర్ · పోస్టు 16

ధరలు ఆగితే చాలు కదా మరి? జీతం గొడవ ఎందుకు?

లెక్కలపిచ్చి · పోస్టు 17

ఆగిన దేశం ఉంది. జపాన్‌లో 1990ల చివరి నుంచి రెండు దశాబ్దాలకు పైగా ధరలు పెద్దగా పెరగలేదు, జీతాలూ పెరగలేదు. ధర పెంచితే కొనరని కంపెనీ భయం, జీతం అడిగితే ఉద్యోగం పోతుందని కార్మికుడి భయం. 2024 వసంతకాలపు వేతన చర్చల్లో పెద్ద యూనియన్లకు సగటున 5 శాతం పైన వచ్చింది, అప్పటికి 33 ఏళ్ళలో అదే ఎక్కువ. ధరలు నిలబడితే హాయిగా ఉంటుందనుకుంటాం గానీ, నీళ్ళు నిలిస్తే ఏమవుతుందో తెలుసుగా.

వార్డు ఏడు · పోస్టు 18

అన్నీ బాగున్నాయి, ఒక మాట అడగనా? "అమ్మ ఉద్యోగం చేయలేదు, ఒక్క జీతంతో గడిచింది" అని మొదటి పోస్టులో ఉంది. అమ్మ తెల్లారి ఎన్నింటికి లేచేవారు? ముగ్గురు పిల్లలు, వాషింగ్ మెషిన్ లేదు, నీళ్ళు మోయాలి. అక్కడ పని చేసింది ఇద్దరు, జీతం ఇచ్చింది ఒకరికి. ఇప్పుడు మీ ఆవిడకీ జీతం వస్తోంది కాబట్టి ఆ పని డబ్బిచ్చి కొనాల్సి వస్తోంది. పద్దుల పుస్తకంలో అమ్మ గంటలకు కాలమ్ ఉందేమో చూడండి.

రాత్రిషిఫ్టు · పోస్టు 19

లేదక్కా. చూడకుండానే చెప్పగలను.

నిర్వాహకుడు · పోస్టు 20

షట్టర్ గారిని ఉద్దేశించి రాసిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. వాదించండి, తిట్టొద్దు.

రిటైర్డ్ ఫిట్టర్ · పోస్టు 21

ఎమ్మే బాబూ, కనీస వేతనం అన్నావు. కనీసం అంటే ఎవరి లెక్కలో కనీసం? ఆ లెక్క ఒకప్పుడు వేశారు.

ఎమ్మే ఫైనల్ · పోస్టు 22

వేశారండీ. ఆస్ట్రేలియాలో 1907లో హార్వెస్టర్ తీర్పు అని ఒకటి. నైపుణ్యం లేని కూలీ అయినా తను, భార్య, ముగ్గురు పిల్లలు పొదుపుగానైనా గౌరవంగా బతకడానికి రోజుకు 7 షిల్లింగులు కావాలని జడ్జి హిగ్గిన్స్ తేల్చాడు. యజమానికి ఎంత గిట్టుతుందని కాదు, మనిషికి ఎంత కావాలని అడిగాడు. భారత్‌లో 1957 నాటి 15వ కార్మిక సదస్సు కూడా అదే దారి. కుటుంబానికి మూడు వినియోగ యూనిట్లు (అంటే ముగ్గురు పెద్దవాళ్ళ తిండితో సమానం), ఒక్కో యూనిట్‌కి 2,700 కేలరీలు, కుటుంబం మొత్తానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె విడిగా, ఇంధనం వగైరాలకు మొత్తం కనీస వేతనంలో 20 శాతం. పిల్లల చదువు, వైద్యం అందులో లేవు. 1991లో సుప్రీంకోర్టు అలాంటి ఖర్చుల కోసం 25 శాతం కలపాలంది.

గమనించారా, జాబితా మారుతూ పోతోంది. 1957లో ఫోన్ విలాసం. ఇప్పుడు ఫోన్ లేకపోతే రెండుచక్రాలు అన్నకి ఆర్డరే రాదు. మీ బావమరిది ఫోన్‌ను సుఖాల ఖాతాలో రాశాడు, అది పనిముట్ల ఖాతాలో ఉండాలి.

రెండుచక్రాలు · పోస్టు 23

ఈ పోస్టు మా అన్నయ్యకి ఫార్వర్డ్ చేస్తున్నా.

రాత్రిషిఫ్టు · పోస్టు 24

ఆదివారం ట్రంకు పెట్టె తీశాను. నెలకు 26 పని దినాలు అనుకుని లెక్క వేశా. అంకెలన్నీ రోజులు.

నాన్నకి అద్దె 4 రోజుల కూలి, నాకు 9. సరుకులు ఆయనకి 11 రోజులు, నాకు 6 (రివర్స్ గేర్ గారూ, మీ ఎంగెల్ గెలిచాడు). స్కూలు ఫీజు ఆయనకి ముగ్గురికీ కలిపి ఒక రోజు లోపు, నాకు ఒక్కదానికే 5. మందులకు ఆయన పుస్తకంలో దాదాపు ఏమీ లేదు, ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో ఇచ్చేవారు. నాకు 2. ఫోను, నెట్టు 1. ఈఎంఐ 5. కూడితే నా నెలకు 28 రోజులు కావాలి, ఉన్నవి 26. మా ఆవిడ జీతంలో సగం స్కూలయ్యాక పాపను ఉంచే చోటుకీ ఆవిడ రాకపోకలకీ పోతుంది, ఈ రెండు రోజుల లోటూ మిగతా సగమే పూడుస్తోంది.

బ్లాక్ అండ్ వైట్ టీవీకి నాన్న 70 రోజులు పని చేశారు. నా టీవీ అంతకు నాలుగింతలు, రంగులది, 12 రోజులు. బావమరిదికి చెప్పాను. "చూశావా" అన్నాడు. అద్దె లైన్ కూడా చూపించాను. టాపిక్ మార్చాడు.

షట్టర్ · పోస్టు 25

ఈ లెక్క నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళకి వేసి చూడాలని ఉంది. చూడాలంటే భయంగానూ ఉంది.

లెక్కలపిచ్చి · పోస్టు 26

చాలా మంచి పని చేశారు. అయితే ఒకటి చెప్పండి, నాన్నగారి జీతం ఏటా ఎలా పెరిగింది? మీలాగే మూడూ నాలుగా?

రాత్రిషిఫ్టు · పోస్టు 27

అదే రాద్దామని వచ్చాను. మామూలుగా కరువు భత్యం కొద్దికొద్దిగా కలుస్తూ వచ్చింది. ఒక చోట మాత్రం జీతం గడిలో రెండు నెలలు అడ్డగీత ఉంది. సున్నా కూడా కాదు, గీత. కింద 'చేబదులు' అని ఆరు పేర్లు, పక్కన అంకెలు. మూడో నెల జీతం పడింది, అంతకు ముందు కన్నా దాదాపు నాలుగో వంతు ఎక్కువ. పక్కన "కొత్త రేటు" అని ఉంది. ఆ ఆరు పేర్లూ తర్వాత పద్నాలుగు నెలల్లో ఒక్కొక్కటే కొట్టేశారు.

ఇన్నేళ్ళూ "నాన్న కాలంలో జీతాలు బాగుండేవి" అనే అనుకున్నాను.

రిటైర్డ్ ఫిట్టర్ · పోస్టు 28

సమ్మె.

గుండుసూది · పోస్టు 29

నాన్నగారిని అడిగారా?

రాత్రిషిఫ్టు · పోస్టు 30

అడిగాను. పుస్తకం చేతిలోకి తీసుకుని కళ్ళజోడు వెతుక్కుని ఆ పేజీ చాలాసేపు చూశారు. "నలభై ఒక్క రోజులు. నీకప్పుడు రెండేళ్ళు" అన్నారు. ఇంకా ఏమైనా చెప్తారని కూర్చున్నాను. ఆరు పేర్లలో నాలుగో దాని మీద వేలు పెట్టి, "ఇతనికి మాత్రం ఇంకా కొంచెం బాకీ ఉండాలి, చూడు" అని నాకిచ్చారు.